తూర్పు కనుమల సాక్ష్యము: నేలయు జీవజాతుల చరిత్రయు

తిరుమల కొండ నెక్కు యాత్రికులలో చెన్నపట్టణము నుండి, బెంగుళూరు నుండి, షోలాపురము నుండి, బరంపురము నుండి వచ్చు తెలుగువారు ఎందరో కలరు. అలిపిరి దాటి కాలినడకన పోవువారికి చెట్ల సందులనుండి నిట్టనిలువుగా నిలిచిన ఎఱ్ఱని బండల వరుసలు కానవచ్చును. ఆ కొండలలో, బండల నెఱ్ఱెలయందు, జలధారల దాపున చెమ్మగల చాటులలో ఒక బల్లి నివసించుచున్నది. సంతానకాలమున దాని పోతు మేలిమి బంగారు వన్నె దాల్చును. తెలుగున దానిని బంగారు బల్లి యందురు. చెన్నపురి రాజధానిలో అటవీశాఖాధికారిగా నుండిన కర్నల్ బెడ్డోమ్ తిరుపతి కొండలలో దానిని కనుగొని 1870లో శాస్త్రలోకమునకు తెలియజేసెను.

ఈ బల్లి కుదురునకు చెందిన జాతి ప్రపంచము మొత్తమున మఱియొక్కటి మాత్రమే కలదు. అది మన దేశమున లేదు, సింహళద్వీపమున ఉన్నది. ఈ రెండింటి నడుమ తమిళదేశపు మైదానమును, సముద్రమును అడ్డుగా నున్నవి. బల్లి సముద్ర మీదగలదా? మైదానమున బండలు లేని చోట బ్రతుకగలదా? లేనిచో ఒకే కుదురునకు చెందిన రెండు జాతులు ఇంత ఎడముగా ఎట్లు నిలిచినవి?

ఇట్టి ప్రశ్నలకు బల్లిని మాత్రమే చూచి సమాధానము చెప్ప వీలులేదు. కొండలు ఎచ్చట తెగినవి, నదులు ఎట్లు పారుచున్నవి, సముద్రము ఎప్పుడు వెనుకకు తగ్గినది, అడవి ఎంతవరకు వ్యాపించి ఎప్పుడు కుంచించుకొనినది అను విషయములు తెలియవలెను. ఒక ప్రాణి నేడు నివసించు చోటు యాదృచ్ఛికము కాదు. శాసనము దొరకిన చోటును బట్టి రాజ్యపు ఎల్లలను చరిత్రకారు డూహించునట్లు, ప్రాణి దొరకిన చోటును బట్టి భూమి చరిత్రను కొంతవరకు చదువవచ్చును. ఆ చదువునకు మన తూర్పు కనుమలు, విశేషించి కడప, నెల్లూరు, తిరుపతి నడుమ నున్న కొండలు, ఎట్లు సాక్ష్యమిచ్చుచున్నవో తెలుపుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

బాలి నుండి లంబోకునకు

పందొమ్మిదవ శతాబ్ది మధ్యభాగము వరకు ఐరోపా పండితులలో పెక్కుమంది ప్రతి జీవజాతియు తన వాతావరణమునకు తగినట్లు, తానున్న చోటనే వేర్వేరుగ సృష్టింపబడినదని తలచుచుండిరి. ఈ అభిప్రాయమే నిజమైనచో ఒకే ఎండ, ఒకే వాన, ఒకే విధమగు నేల గల రెండు ప్రదేశములలో ఒకే తీరు ప్రాణు లుండవలెను. ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలేస్ అను ఆంగ్లేయుడు ఈ విషయమును కన్నులార పరీక్షించెను. ఆయన ధనవంతుడు కాడు. పక్షులను, కీటకములను సేకరించి సంగ్రహాలయముల కమ్ముకొని జీవించినవాడు. 1854 మొదలు 1862 వరకు ఎనిమిది సంవత్సరములు మలయా ద్వీపసముదాయమున దీవి దీవికిని తిరిగెను. 1855లో బోర్నియో ద్వీపమందలి సారవాకునుండి వ్రాసిన ఒక వ్యాసమున, ప్రతి జీవజాతియు తనకు దగ్గర చుట్టమైన మఱియొక జాతి యున్న ప్రదేశముననే, దానికి చేరువ కాలముననే పుట్టినదని సూత్రీకరించెను.

1856లో ఆయన బాలి ద్వీపమునుండి ప్రక్కనున్న లంబోకు ద్వీపమునకు పడవపై పోయెను. నడుమనున్న జలసంధి వెడల్పు సుమారు 35 కిలోమీటర్లు మాత్రమే. రెండు దీవులును అగ్నిపర్వతములచే ఏర్పడినవే. రెంటను ఎండయు వానయు ఇంచుమించు సమానమే. ఐనను బాలిలో ఆసియాఖండపు వడ్రంగిపిట్టలు మున్నగునవి కనబడగా, లంబోకులో ఆస్ట్రేలియాఖండమునకు చెందిన కాకటూ చిలుకలు కనబడెను. ఒక పూట పడవ ప్రయాణములో ఆయన ఒక ఖండపు జీవలోకమునుండి మఱియొక ఖండపు జీవలోకమున కాలు మోపినట్లయ్యెను.

కారణము సముద్రపు లోతు. మంచుయుగములలో నీరు హిమరూపమున ధ్రువప్రాంతములందు గడ్డకట్టుటచే సముద్రమట్టము నేటికంటె సుమారు 120 మీటర్లు దిగియుండెను. అప్పుడు బాలి, జావా, సుమత్రా, బోర్నియో ద్వీపములు ఆసియాతో నేలగా కలసియుండెను. లంబోకు జలసంధి అంతకంటె లోతైనదగుటచే ఎన్నడును ఎండలేదు. ఆవలి ప్రాణులు ఆవలనే, ఈవలి ప్రాణులు ఈవలనే నిలిచిపోయెను.

వాలేస్ వ్రాసి పంపిన పరిణామ సిద్ధాంత వ్యాసమును, చార్లెస్ డార్విన్ వ్రాతలును కలిపి 1858 జూలై 1వ తేదీన లండనులోని లిన్నేయస్ సంఘమున చదువబడెను. 1876లో వాలేస్ జంతువుల భౌగోళిక వ్యాప్తిని గూర్చి రెండు సంపుటముల మహాగ్రంథమును ప్రకటించెను. నాటినుండి జీవజాతుల వ్యాప్తి ఒక ప్రత్యేక శాస్త్రమయ్యెను.

ఆ శాస్త్రముయొక్క మూలసూత్రము సులభమైనది. ఒక జాతి జీవులు ఒక విశాల ప్రదేశమున వ్యాపించియున్నవనుకొందము. కాలక్రమమున నడుమ ఒక సముద్రపు పాయ చొచ్చుకొనివచ్చినను, అడవి ఎండి బయలైనను, ఆ జాతి రెండు తెగలుగా విడిపోవును. ఈవలి తెగకు ఆవలి తెగతో సాంగత్యముండదు. ఒక్కొక్క తెగలో పుట్టు చిన్నచిన్న భేదములు ఆ తెగలోనే నిలిచి తరతరములకు పేరుకొనును. అచ్చటి ఆహారము, అచ్చటి శత్రువులు, అచ్చటి ఎండవానలు వానిలో కొన్నింటిని నిలిపి కొన్నింటిని తుడిచివేయును. వేలకొలది, లక్షలకొలది ఏండ్లు గడచిన పిదప ఆ రెండు తెగలు మరల కలసినను ఒక్కటి కాజాలవు. అప్పటికవి రెండు జాతులైయుండును.

ఇందు గమనింపవలసిన దొకటి కలదు. అడ్డు అనునది ప్రాణిని బట్టి మారును. డేగకు నది అడ్డు కాదు, ఉడుతకు అగును. చేపకు నది మార్గము. రెండు నదుల నడుమనున్న గట్టు అడ్డు. బండల నాశ్రయించు బల్లికి సముద్ర మెంత అడ్డో బండలు లేని మైదానమును అంత అడ్డే. కనుక ఒకే భూమిపటమును ఒక్కొక్క ప్రాణి ఒక్కొక్క విధముగ చదువుకొనుచున్నది.

తెగిన కొండల వరుస

ఈ సూత్రమును మనసున నుంచుకొని మన దేశమును చూతము. పడమటి కనుమలు తపతీనది నుండి కన్యాకుమారి వరకు ఇంచుమించు గోడవలె నిలిచియున్నవి. ఆ గోడలో పెద్ద సందు పాలక్కాడు ఒక్కటే. తూర్పు కనుమ లట్లు కావు. అవి ఒడిస్సాలోని మహానది ప్రాంతమున మొదలై, గంజాము సీమలో మహేంద్రగిరియై 1,501 మీటర్ల ఎత్తు లేచి, విశాఖ మన్యమున ఇంకను పైకెగసి, గోదావరి యొద్ద పాపికొండలై నదికి త్రోవ నిచ్చును. గోదావరికిని కృష్ణకును నడుమ తీరమునకు చేరువగా చెప్పదగిన కొండలు స్వల్పము. కృష్ణ దాటిన పిదప నల్లమలలు, వెలికొండలు, పాలకొండలు, లంకమల, శేషాచలము వరుసగా వచ్చును. పెన్నానది వానిని గండికోటయొద్దను, సిద్ధవటము దిగువను కోసికొని తూర్పునకు పారుచున్నది. అటుపిమ్మట తమిళనాడులో జవ్వాది కొండలు, శేర్వరాయ కొండలు విడివిడిగా నిలిచి, కర్ణాటకపు పొలిమేరలో బిళిగిరి రంగని కొండలయొద్ద పడమటి కనుమల కెదురేగుచున్నవి. ఈ గ్రంథము చదువు తెలుగువారిలో పెక్కుమంది ఈ వరుసకు ఏదో ఒక ప్రక్కన నివసించువారే.

గోడగా నుండిన కొండవలన కలుగు ఫలితము వేరు. దీవులవలె తెగిన కొండలవలన కలుగు ఫలితము వేరు. పడమటి కనుమలు నైరృతి ఋతుపవనమును అడ్డగించి తమ పడమటి వాలున భారీ వర్షము కురిపించుకొనును. వాని వెనుక నున్న రాయలసీమకు మిగులునది స్వల్పము. అందుచే తూర్పు కనుమల దక్షిణభాగమున పొడినేలల కలవాటుపడిన అడవులును, ముండ్లపొదల బయళ్లును ఏర్పడినవి. ఆ ఎండిన బయళ్ల నడుమ ఎత్తైన కొండలు, చెమ్మ నిలుచు లోయలు దీవులవలె నున్నవి.

ఉత్తరమున గోదావరి ప్రాంతము మఱియొక విధమగు పొలిమేర. ఉత్తరదేశపు కోతి వేరు, దక్షిణదేశపు కోతి వేరు. దక్షిణపు కోతికి నడినెత్తిన జుట్టు టోపీవలె చుట్టుకొనియుండును, తోక పొడవు. ఉత్తరపు కోతికి తోక పొట్టి, వెనుకభాగము ఎఱ్ఱనిది. పూర్వము శాస్త్రజ్ఞులు పడమట తపతిని, తూర్పున గోదావరిని ఈ రెంటికి నడిమి ఎల్లగా చెప్పుచువచ్చిరి. అడవికోళ్ల విషయమును అట్టిదే. గోదావరికి ఉత్తరపు కొండలలో మన పెంపుడు కోళ్లకు మూలమైన ఎఱ్ఱని అడవికోడి నివసించును; దక్షిణమున బూడిదవన్నె అడవికోడి నివసించును. ఎఱ్ఱకోడి వ్యాప్తియు గుగ్గిలపుచెట్టు వ్యాప్తియు చాలవరకు కలసిపోవుట పూర్వులే గమనించిరి. ఆ గుగ్గిలపు అడవి ఒడిస్సానుండి దిగివచ్చి శ్రీకాకుళ విశాఖమండలముల మన్యమున ఆగిపోవుచున్నది. ఐనను ఈ ఎల్లలు కత్తితో గీచినట్టివి కావు. నదీప్రాంతమున రెండు కోళ్లును దగ్గరదగ్గరగా కనబడు చోట్లు కలవు. మన పెంపుడు కోళ్లలో పసుపువన్నె చర్మమునకు కారణమైన గుణము బూడిదవన్నె కోడినుండి వచ్చినదని 2008లో పరిశోధకులు నిరూపించిరి. ఇది మనుష్యుడు పెంచిన కోళ్లద్వారా ఎల్లలు దాటిన గుణము.

మూడు ప్రాణులు, మూడు దిక్కులు

ఇక కడప, నెల్లూరు, తిరుపతి కొండలకు వత్తము. ఈ చిన్న ప్రదేశమున మూడు ప్రాణులు మూడు దిక్కుల చుట్టరికములను నిలుపుకొనియున్నవి. వానిలో దక్షిణపు చుట్టరికము బంగారు బల్లిది. దానిని గూర్చి పైన చెప్పితిమి. పాక్ జలసంధి మిక్కిలి నిస్సారమైన లోతు గలది. మంచుయుగములలో సముద్రము దిగినప్పుడెల్ల సింహళము మన దేశముతో నేలగా కలసినది. ఐనను రెండు బల్లులు కలసి ఒక్కటి కాలేదు. నేల కలసినను బండలు కలియలేదు; బండల వరుస లేనిచోట ఆ బల్లికి త్రోవ లేదు. మెట్టనేల కలయికయే చాలునని తలచువారికి ఈ బల్లి మంచి గుణపాఠము. తరువాతి కాలమున ఈ బల్లి ఒడిస్సా కొండలలోను, తమిళనాటి ఉత్తరభాగపు కొండలలోను కనుగొనబడినది. అవన్నియు తూర్పు కనుమల బండ దీవులే.

రెండవది తూర్పు దిక్కు చుట్టరికము. చూచుటకు ఉడుతవలె నుండి, మూతి మాత్రము చుంచువలె కోసుగా నుండు ఒక చిన్న జంతువు మన అడవులలో కలదు. అది ఉడుతయు కాదు, చుంచును కాదు. వేరొక కుటుంబమునకు చెందినది. ఆ కుటుంబపు జంతువులు తక్కినవన్నియు బర్మా, మలయా, సుమత్రా, బోర్నియో ప్రాంతములకు సంబంధించినవే. గంగకు దక్షిణమున నివసించునది ఇదొక్కటే. దీనిని శాస్త్రజ్ఞులకు పరిచయము చేసిన కొండలు కడపకును నెల్లూరునకును నడుమ నున్నవి. 1850 ప్రాంతమున వాటర్‌హౌస్ అను పండితుడు దీనిని వర్ణించి, సర్ వాల్టర్ ఇలియట్ పేరు పెట్టెను. ఈ ఇలియట్ మనకు క్రొత్తవాడు కాడు. 1845లో అమరావతి స్తూపపు శిల్పములను త్రవ్వించినవా డాయనయే. ఉత్తర సర్కారులందలి మొక్కల తెలుగు పేర్లను సేకరించి 1859లో ఆంధ్రదేశపు వృక్షావళి నొక గ్రంథముగ ప్రకటించినవాడును ఆయనయే. 1913లో ఈ జంతువునకు ప్రత్యేక కుదురు నేర్పరచినప్పుడు దానికి పెట్టిన ‘అనథాన’ అను పేరు తమిళుల వాడుక పేరునుండి గ్రహింపబడినది.

మలయా అడవుల చుట్టము వెలికొండలకు ఎట్లు వచ్చినది? ఒకప్పుడు ఈశాన్యభారతము నుండి దక్షిణాపథము వరకు చెమ్మగల అడవి ఏదో యొక త్రోవను అవిచ్ఛిన్నముగ నుండెననియు, పిదప వాతావరణము పొడిబారి ఆ అడవి ముక్కలయ్యెననియు పలువురు శాస్త్రజ్ఞుల ఊహ. ఆ త్రోవ ఏదన్న విషయమున వాదములు కలవు. 1949లో సుందర్‌లాల్ హోరా అను భారతీయ మత్స్యశాస్త్రజ్ఞుడు, హిమాలయపు సెలయేటి చేపలు వింధ్య సాత్పురా పర్వతముల వెంట పడమటి కనుమలకు చేరినవని ప్రతిపాదించెను. తరువాతివారు ఆ ప్రతిపాదనను పెక్కు విధముల ప్రశ్నించిరి. ఐనను నడిమి చుట్టములు నశించి, చివరి చుట్టములు మాత్రము దూరదూరముగ మిగిలిన ప్రాణులను గూర్చి మన దేశమున శ్రద్ధగా ఆలోచించుటకు అది మార్గమయ్యెను.

మూడవది పడమటి దిక్కు చుట్టరికము. అది కలివికోడిది. కలివిపొదల నడుమ నేలపై పరుగెత్తు ఈ పక్షి పేరులోనే దాని నివాసము ధ్వనించుచున్నది. చిత్తడియును దట్టపు అడవియును దానికి పనికిరావు. పొదకును పొదకును నడుమ ఖాళీనేల కావలెను. పగలెల్ల పొదల నీడ నడగి రాత్రి సంచరించును. రొమ్మున రెండు తెల్లని పట్టెలు దీని గుఱుతు. దీని కుదురునకు చెందిన తక్కిన పక్షులన్నియు ఆఫ్రికాఖండమున నున్నవి. ఆసియాఖండమున నున్నది ఇదొక్కటే; అదియును మన పెన్నా గోదావరీ పరీవాహములలోనే.

ఆఫ్రికా యనగానే చదువరులకు గోండ్వానా మహాఖండము జ్ఞాపకము వచ్చును. భారతదేశ మొకప్పుడు ఆఫ్రికాతోను, మడగాస్కరుతోను కలసియుండి, కోట్లకొలది ఏండ్లక్రిందట విడివడి, సుమారు 5 కోట్ల ఏండ్లక్రిందట ఆసియాను తాకినది. ఆ ప్రాచీన సంబంధమునకు నిజమైన సాక్షి 2003లో కేరళదేశపు కనుమలలో వర్ణింపబడిన ఊదావన్నె కప్ప. దాని దగ్గర చుట్టములు సీషెల్స్ దీవులలో కలవు. కలివికోడి అట్టి సాక్షి కాదు. పక్షులలో ఈ శాఖ అంత ప్రాచీనమైనది కాదు. అరేబియా, సింధు ప్రాంతముల మీదుగా పొడినేలలు వరుసగా సాగిన కాలమున దీని పూర్వులు ఇటు వ్యాపించియుండుననియు, తరువాత నడుమనున్న తెగలు నశించియుండుననియు ఊహింపవచ్చును. ఒకే దూరదేశపు చుట్టరికమునకు రెండు వేర్వేరు కారణము లుండవచ్చును. వానిని వేరుచేసి చూపుటయే ఈ శాస్త్రముయొక్క నేర్పు.

బల్లి బండను, ఉడుతవంటి జంతువు చెమ్మగల అడవిని, కలివికోడి ముండ్లపొదల బయలును ఆశ్రయించినవి. మూడు విధముల నేలలు ఒకదాని కొకటి చేరువగా నుండుటచేతనే మూడు చుట్టరికములు ఇచ్చట మిగిలినవి. చెట్లలోను ఇట్టివి కలవు. ఎఱ్ఱచందనము సహజముగ పెరుగునది ఈ శేషాచల, పాలకొండ, వెలికొండ, లంకమల ప్రాంతములందును, వాని పొలిమేరలందును మాత్రమే. రాతినేలయు, పొడిగాలియు దానికి కావలెను. బెడ్డోమ్ పేర 1883లో వర్ణింపబడిన ఒక ప్రాచీనశాఖకు చెందిన ఈతవంటి చెట్టును ఈ తిరుపతి కడప కొండలకే పరిమితము.

కలివికోడి కథ

కలివికోడి చరిత్ర వింతయైనది. టి. సి. జెర్డన్ అను వైద్యుడు కంపెనీవారి కొలువులో 1836లో మద్రాసునకు వచ్చి, పిదప నెల్లూరులో వైద్యాధికారిగా నుండెను. చుట్టుప్రక్కల అడవులను ఎఱిగిన స్థానికులవలన, ముఖ్యముగ యానాదులవలన, జంతువులను గూర్చి ఎన్నో విషయములు గ్రహించెను. ఆయన ‘బర్డ్స్ ఆఫ్ ఇండియా’ గ్రంథమున పక్షులకు తెలుగు పేర్లను గూడ వ్రాసెను. ఆయన సంపాదించిన కలివికోడి నమూనాను బట్టి 1848లో కలకత్తాలోని ఎడ్వర్డ్ బ్లైత్ దానిని వర్ణించెను. తరువాత గోదావరీతీరమున భద్రాచల, సిరొంచ ప్రాంతములందు భూగర్భశాస్త్రజ్ఞుడు బ్లాన్‌ఫర్డ్ దానిని చూచెను. 1900లో అనంతపురము చెంత ఒకపరి కనబడెను. అటుపై ఎనుబదియైదేండ్లు దాని జాడ ఏ పండితునకును తెలియలేదు. గ్రంథములలో దానిని నశించిన పక్షుల చెంత చేర్చిరి.

ఐతే నశించినదని తలచినవారు పండితులు మాత్రమే. కడప సీమలో రాత్రివేళ అడవి తిరుగువారు దానిని ఎఱిగియేయుండిరి. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారు దాని బొమ్మను చూపి పల్లెలలో విచారించిరి. ఆ సంఘపు పరిశోధకుడు భరత్ భూషణ్ 1986 జనవరిలో సిద్ధవటము ప్రాంతమున ఒక స్థానిక వేటగాని సాయముతో దానిని మరల కనుగొనెను. 1988లో అచ్చట శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్య మేర్పడినది. శాస్త్రము ఎనుబదియైదేండ్లు పోగొట్టుకొనిన దానిని తెలిపినది వాడుకలోనున్న ఒక తెలుగు పేరును, దానిని మఱచిపోని ఒక వేటగాని జ్ఞాపకమును.

దొరికిన పక్షికి మరల ఆపద వచ్చినది. ఈ సంగతి చెన్నపట్టణపు తెలుగువారికి మిక్కిలి దగ్గరది. 1983లో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ప్రభుత్వములు చేసికొనిన ఒడంబడికను బట్టి తెలుగు గంగ కాలువ ఏర్పడినది. కృష్ణానీరు శ్రీశైలమునుండి కడప, నెల్లూరు మండలముల మీదుగ ప్రవహించి 1996లో చెన్నపట్టణపు పూండి జలాశయమును చేరినది. దప్పిగొన్న మహానగరమునకు అది ప్రాణాధారము. రాయలసీమ పొలములకును అదియే ఆధారము. ఐతే ఆ పథకపు కాలువలలో ఒకదాని త్రవ్వకము కలివికోడి తిరుగు పొదల నేలను 2005లో కొంత ఛేదించినది. ప్రకృతి శాస్త్రజ్ఞులు ఆపదను తెలుపగా, కాలువ మార్గమును ఆ పక్షి నివాసమునకు దూరముగ మార్పించుటకు నిర్ణయము జరిగినది. నీరు ఆగలేదు, త్రోవ మాత్రము మారినది. మనుష్యుల అవసరమును, మూగజీవి అవసరమును రెంటిని చూచి నడచుట అసాధ్యము కాదనుటకు ఇది నిదర్శనము.

ఐనను భయము తీరలేదు. కలివికోడి నేడును ప్రపంచమున అత్యంత ప్రమాదస్థితిలో నున్న పక్షులలో నొకటి. ఇటీవలి సంవత్సరములలో దాని దర్శనము అతిదుర్లభమైనది. కారణములలో ముఖ్యమైనది మన దృష్టిలోనే ఉన్నది. దట్టమైన అడవిని అడవి యందుము; ముండ్లపొదల నేలను బంజరందుము. బంజరనగానే దున్నవచ్చును, చదునుచేయవచ్చును, తోటలు నాటవచ్చును. రెవెన్యూ లెక్కలలో బంజరుగ వ్రాయబడిన ఆ నేల ఆఫ్రికాకును ఆంధ్రదేశమునకును గల ఒక పురాతన సంబంధమునకు మిగిలిన కడపటి పత్రము కావచ్చును. పొదలు తొలగించి చెట్లు నాటినను ఆ పక్షికి అది మేలుకాదు. దానికి కావలసినది ఆ పొదలే.

ఎల్లలు నేడును కదలుచున్నవి. 2011లో ప్రకటింపబడిన ఒక పరిశీలన, ఉత్తరదేశపు కోతి గోదావరి దాటి దక్షిణమునకు వ్యాపించుచు టోపీకోతిని వెనుకకు త్రోయుచున్నదని తెలిపినది. లక్షల ఏండ్లు నది నిలిపిన ఎల్లను ఒకటి రెండు తరములలో మార్చుట ప్రకృతివలన అగుపని కాదు. నదులపై వంతెనలు, దారుల వెంట ఆహారము, ఒకచోట పట్టిన కోతులను మఱియొకచోట విడుచుట మొదలగు మనుష్యుల చేష్టలే ఇందుకు తోడ్పడుచున్నవి.

ఇచ్చట ఒక మాట. విజయనగర కాలమునను, నాయకరాజుల కాలమునను తెలుగునేల విడిచి దక్షిణమునకు, పడమటికి వలసపోయిన మనవారి చరిత్రను ఈ ప్రాణుల చరిత్రతో పోల్చవలెనని తోచుట సహజము. ఆ పోలిక కొంతదూరమే సాగును. మనుష్యుడు నాలుగు వందల ఏండ్లు దూరమున నివసించినను అన్యజాతి కాడు. పలుకుబడి మారును, కట్టు మారును, మనుష్యత్వము మారదు. మరల కలసిన నాడు మాట కలుపుకొనగలడు. విడివడిన బల్లికిని పక్షికిని ఆ భాగ్యము లేదు. ఒక చోట అది నశించినచో మఱియొక చోటినుండి దానిని తెప్పించుకొన వీలులేదు. వానిని గూర్చి మన బాధ్యత ఎక్కువగుటకు కారణ మదియే.

మన పూర్వులు ప్రాణులకు పెట్టిన పేర్లు చిన్నవి కావు. విశాఖపట్టణమున నివసించిన పాట్రిక్ రస్సెల్ కోరమండల తీరపు సర్పములను గూర్చి 1796లోను, విశాఖ చేపలను గూర్చి 1803లోను గ్రంథములు ప్రకటించినప్పుడు ప్రజలు పిలుచు పేర్లనే ఆధారముగ గైకొనెను. సామర్లకోట యొద్ద తోట వేసిన రాక్స్‌బర్గ్ 1795 మొదలుగ ప్రకటించిన కోరమండల తీరపు వృక్షగ్రంథమున తెలుగు పేర్లను పొందుపరచెను. పేరు నిలిచిన చోట ప్రాణిని వెదకుటకు త్రోవ నిలుచును. కలివికోడి కథ దానికి సాక్ష్యము.

కనుక ఈ గ్రంథము చదువు సోదరులకును సోదరీమణులకును ఒక మనవి. కోలారు సీమలోను, ఆర్కాటు సీమలోను, గంజాములోను, చాందా సీమలోను కొండల దాపున నివసించు తెలుగు కుటుంబములు ఎన్నియో కలవు. అచ్చటి వృద్ధులను అడిగి, ఆ కొండలలో తిరుగు పక్షులకును, బల్లులకును, చెట్లకును వారు వాడు పేర్లను, అవి కనబడు చోటులను, కనబడు ఋతువులను వ్రాసి యుంచుడు. తెలుగు పేరుతోపాటు ప్రక్కింటివారి కన్నడ, తమిళ, ఒరియా, మరాఠీ పేర్లను కూడ చేర్చుడు. పేరుతోపాటు ఆ ప్రాణి బండ మీద నుండునో, పొదలో నుండునో, నీటి చెంత నుండునో వ్రాయుడు. ఒక నోటుపుస్తకమును, కొంత ఓపికయును ఉన్నచో చాలును. అట్టి వ్రాతలు ఏ పరిశోధకునకైన రేపు ఉపయోగపడును; మన ఇంటి పిల్లలకు నేడే ఉపయోగపడును.